35 రోజుల గడువు దాటింది, అఫిడవిట్‌లో ఏం రాయాలి?

హనుమకొండ అదాలత్ దగ్గర ఒక వకీలు ఆఫీసులో 30 ఏళ్లు గుమాస్తాగా చేశాను. గడువు దాటిన ఆలస్యాన్ని మన్నించమని అడిగే డిలే పిటిషన్లు ఎన్ని టైపు చేశానో లెక్కలేదు. మన దగ్గర ఆలస్యమైన ప్రతి మనిషికీ కామెర్లు వచ్చి ఉంటాయి, డాక్టరు బెడ్ రెస్ట్ చెప్పి ఉంటాడు. అందుకే మెల్‌బోర్న్ నుంచి మా అక్క కొడుకు "మామా, అప్పీలు టైం అయిపోయింది" అని ఫోన్ చేసినప్పుడు మొదట అన్నమాట: "కామెర్లు మాత్రం రాయకు."

వాడు అక్కడ శరణు కోరి ప్రొటెక్షన్ వీసా అడిగాడు. ఎందుకన్నది వాడి ప్రాణానికి సంబంధించిన సంగతి, ఇక్కడ రాయను. వీసా ఇవ్వలేదు, ఆ నిర్ణయాన్ని మళ్లీ పరిశీలించే ట్రిబ్యునల్ కూడా కాదంది. ఆ తర్వాత ఫెడరల్ సర్క్యూట్ అండ్ ఫ్యామిలీ కోర్టుకు వెళ్లడానికి 35 రోజులు. వీటిని ఎక్కడినుంచి లెక్కపెట్టాలో తెలియకే మనవాళ్లు పప్పులో కాలేస్తారు. మన లిమిటేషన్ చట్టంలో తీర్పు నకలు కోసం పట్టిన రోజులు తీసేస్తాం. అక్కడ నిర్ణయం మీద వేసిన తేదీ నుంచే లెక్క. కాగితం ఆలస్యంగా అందిందంటే గడువు జరగదు, పెంచమని అడగడానికి కారణంగా మాత్రం పనికొస్తుంది.

మావాడి నిర్ణయం తేదీ మార్చి 3. ఏప్రిల్ 7తో గడువు సరి. నిర్ణయం ఈమెయిల్ వాడి వీసా పనులు చూసే ఏజెంటుకు వెళ్లింది, ఆయన చెప్పలేదు. 11న వీడే అడిగితే బయటపడింది. కోర్టులో వేసింది 24న, అంటే 17 రోజులు ఆలస్యం.

నోటుబుక్కులో మూడు గళ్లు గీయించాను: తేదీ, ఆ రోజు ఏం జరిగింది, దానికి కాగితం ఏది. ఏప్రిల్ 11 దాకా పెద్ద ఇబ్బంది లేదు. "ఏమైనా వచ్చిందా అన్నా" అని ఏజెంటుకు పెట్టిన వాట్సాప్ మెసేజీలున్నాయి. వాటిని జతచేసి, ఏజెంటును ఒక్క మాట కూడా తిట్టకుండా జరిగింది జరిగినట్టు రాయమన్నాను. అసలు చిక్కు తర్వాతి 13 రోజులది. తెలిశాక ఊరికే ఎందుకున్నావని జడ్జి అడుగుతారు. ఉచిత న్యాయ సహాయం కోసం చేసిన ఫోన్లకు కాల్ లిస్టు ఉంది, రెండు రోజుల జ్వరానికి క్లినిక్ చీటీ ఉంది. నాలుగు రోజులకు ఏమీ లేదు.

"టెన్షన్‌తో గదిలోనే పడుకున్న మామా, ఎట్ల రాయాలె?"

"అట్లనే రాయి." ప్రమాణం చేసి చెప్పే కాగితంలో ఒక్క అబద్ధం దొరికితే మిగతా నిజాలూ పోతాయి.

ఈ గడువు సంగతి చెప్పేది ఆస్ట్రేలియా మైగ్రేషన్ చట్టంలో 477వ సెక్షన్. గడువు పెంచడం న్యాయం జరగడానికి ఎందుకు అవసరమో రాతలో చెప్పాలి. అఫిడవిట్‌ను జస్టిస్ ఆఫ్ ది పీస్ లేదా వకీలు లాంటి, ప్రమాణం చేయించే అధికారమున్న మనిషి ఎదుట సంతకం చేసి, ట్రిబ్యునల్ నిర్ణయం జతచేయాలి. ఫీజు కట్టలేకపోతే తగ్గించమని అడిగే ఫారం వేరే ఉంది.

అయితే ఆలస్యానికి కారణం ఎంత బాగున్నా కేసులో పస లేకపోతే గడువు పెంచరు. ఎదుటి పార్టీ ఇమ్మిగ్రేషన్ మంత్రి, ఆయనకు నష్టమేమీ లేదనడం ఒక్కటే చాలదు. పస అంటే నీ భయం నిజమా కాదా అన్నది కాదు, దాన్ని కోర్టు మళ్లీ తూచదు. ట్రిబ్యునల్ చట్టప్రకారం నడిచిందా అని చూస్తుంది. మావాడు చెప్పిన ఒక ముఖ్యమైన సంగతిని ట్రిబ్యునల్ పట్టించుకోనే లేదు. నిర్ణయంలో ఆ ప్రస్తావన రావాల్సిన పేరా నంబరు వేసి రాయమన్నాను. ఈ భాగం మాత్రం నాలాంటి గుమాస్తా పని కాదు, అక్కడి వకీలు చూడాల్సిందే. గడువు పెంచకపోతే దాని మీద ఫెడరల్ కోర్టుకు అప్పీలు కూడా లేదు.

చివరగా, విచారణకు తెలుగు దుబాసీని ముందే అడగమన్నాను. "నాకు ఇంగ్లీషు వచ్చు కద మామా" అన్నాడు. "అయినా అడుగు" అని ఫోన్ పెట్టేశాను.