జన్యు జబ్బు ఉన్న ఇంట్లో ఆపరేషన్: మత్తు డాక్టర్‌కి ఏం చెప్పాలి

నేను మత్తు డాక్టర్‌ని. అరుదైన జన్యు జబ్బులున్న పిల్లలకీ పెద్దలకీ మత్తు ఇవ్వడం నా రోజువారీ పని. ఆపరేషన్‌కి ముందు నన్ను కలిసేవాళ్లు స్కానింగులు, రక్తపరీక్షలు అన్నీ ఫైల్లో పెట్టుకుని వస్తారు. నాకు అన్నిటికన్నా పనికొచ్చేది మాత్రం ఆ ఫైల్లో ఉండదు. ఇంట్లో పెద్దవాళ్లకి గుర్తున్న పాత సంగతి అది.

ఒక బాబుకి మెల్లకన్ను ఆపరేషన్. మాటలు అయిపోయి అందరూ లేచారు. అమ్మమ్మ తలుపు దగ్గర ఆగి, "మా తమ్ముడికి అపెండిక్స్ తీసినప్పుడు దవడ బిగుసుకుపోయిందటమ్మా, ఒళ్లు పెనంలా కాలిపోయిందట, మూడు రోజులు ఐసీయూలో ఉంచారు" అంది. ఆమెని మళ్లీ కూర్చోబెట్టి అంతా రాసుకున్నాను. ఆ బాబుకి పీల్చే మత్తు మందు మానేసి, నరంలోకి ఇచ్చే మందులతోనే పని పూర్తి చేశాం.

నా అనుమానం మాలిగ్నెంట్ హైపర్‌థెర్మియా. ఎక్కువ కుటుంబాల్లో ఆర్‌వైఆర్1 జన్యువులో మార్పు వల్ల వస్తుంది. మామూలు రోజుల్లో చాలామందికి ఏ లోటూ కనబడదు. సెవోఫ్లురేన్ లాంటి పీల్చే మందో, సక్సినైల్‌కోలిన్ ఇంజెక్షనో తగిలితే కండరాల్లో కాల్షియం అదుపు తప్పి, అవి బిగుసుకుపోతాయి, ఒళ్లు కాలిపోతుంది, ప్రాణం మీదికి రావచ్చు. తల్లికో తండ్రికో ఉంటే ఒక్కో బిడ్డకీ సగం అవకాశం. 1960లో మెల్‌బోర్న్‌లో డెన్‌బరో, లావెల్ అనే డాక్టర్లు దీని గురించి రాయగలిగింది కూడా, కాలు విరిగిన 21 ఏళ్ల కుర్రాడు తన బంధువులు పదిమంది మత్తుతో పోయారని భయపడి చెప్పినందుకే. విరుగుడు డాంట్రోలీన్. పాతరకం సీసాలో 20 మిల్లీగ్రాముల పొడి ఉంటుంది, 60 మిల్లీలీటర్ల నీళ్లు పోసి కరిగేదాకా కుదపాలి. 60 కిలోల మనిషికి మొదటి డోసుకే ఎనిమిది సీసాలు. ముందే తెలిస్తే ఆ అవసరమే రాకుండా చూసుకుంటాం.

అందుకే అపాయింట్‌మెంట్‌కి ముందు అటువైపూ ఇటువైపూ పెద్దవాళ్లకి ఫోన్ చేయండి. ఎవరైనా ఆపరేషన్ టేబుల్ మీద పోయారా? మెలకువ రావడానికి గంటలు పట్టిందా? వెంటిలేటర్ మీద ఉంచారా? తర్వాత మూత్రం డికాక్షన్ రంగులో వచ్చిందా? "దానికీ దీనికీ సంబంధం ఏముందిలే" అని వదిలేయకండి, అది తేల్చాల్సింది మేము. మెలకువ ఆలస్యమైతే సక్సినైల్‌కోలిన్‌ని కరిగించే ఎంజైమ్ లోపం కావచ్చు. నిమిషాల్లో పోవాల్సిన మందు వాళ్లలో గంటలు ఉండిపోతుంది.

మగపిల్లాడు నడక ఆలస్యంగా నేర్చాడా, కింద కూర్చుంటే తొడల మీద చేతులు ఊనుకుంటూ పైకి లేస్తున్నాడా? జబ్బు పేరు ఇంకా తేలకపోయినా చెప్పండి. డుషేన్ కండరాల జబ్బున్న పిల్లలకి సక్సినైల్‌కోలిన్ ఇస్తే రక్తంలో పొటాషియం ఒక్కసారిగా పెరిగి గుండె ఆగిపోవచ్చు.

కాగితాల్లో రెండు ముఖ్యం. ఒకటి జెనెటిక్ రిపోర్ట్, సారాంశం కాదు, మొత్తం. రెండోది పాత ఆపరేషన్ల అనస్థీషియా చార్ట్. డిశ్చార్జ్ సమ్మరీలో ఆ వివరాలు ఉండవు. ఎంపీఎస్ (కొన్ని చక్కెర పదార్థాలు ఒంట్లో పేరుకుపోయే జన్యు జబ్బు) ఉన్న పిల్లల్లో గొంతు లోపల ఇరుకవుతుంది, మెడ ఎముకలు నిలకడగా ఉండకపోవచ్చు. పోయినసారి ఏ సైజు ట్యూబు పట్టింది, ఎన్ని ప్రయత్నాలకి వెళ్లింది అన్న ఒక్క లైను నాకు ఎంత ధైర్యమో మాటల్లో చెప్పలేను.

కణాలకి శక్తినిచ్చే మైటోకాండ్రియా జబ్బుంటే ఎక్కువసేపు కడుపు ఖాళీగా ఉంచకూడదు. పొద్దున మొదటి కేసుగా పెట్టమని, గ్లూకోజ్ డ్రిప్ సంగతీ అడగండి. ఉపవాసం గంటలు మాత్రం మీరే తగ్గించేయకండి.

ఆర్ఫన్ అనస్థీషియా పేరుతో జర్మనీ మత్తు డాక్టర్ల సంఘం చాలా అరుదైన జబ్బులకి సూచనలు ఉచితంగా ఇస్తోంది. ప్రింట్ తీసి డాక్టర్ ముందు పెట్టడానికి మొహమాటపడకండి. నాకైతే ఎవరైనా అలా తెస్తే సంతోషం.

ముందు రోజు రాత్రి కాకుండా, కనీసం వారం ముందు కలవండి. ఆపరేషన్ అయ్యాక ఇంటికి వెళ్లేలోపు ఈసారి చార్ట్ కాపీ అడిగి తీసుకోండి. ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టండి, అక్కచెల్లెళ్ల పిల్లలకీ అది కావాలి.