ఇంటి పాటకు మల్టీట్రాక్ రికార్డర్ – మూడవ పాఠం: ఒకేసారి ఎన్ని?

గడచిన రెండు పాఠాలలో డైనమిక్, కండెన్సర్ మైకుల మధ్య తేడానూ, ఒక ట్రాకు (ఒక్కొక్క ధ్వనిని విడిగా దాచుకునే వరుస) మీద పాడినదాన్ని వింటూ మరొక ట్రాకు మీద వాయించుకునే ఓవర్‌డబ్ పద్ధతినీ నేర్చుకున్నాము. సంచిలో పెట్టుకొని తీసుకుపోగల డిజిటల్ రికార్డర్‌ను తక్కువ ఖర్చులో ఎలా ఎంచుకోవాలన్నది ఈ పాఠం విషయం. దుకాణంలో అడిగినా, అట్టపెట్టె మీద చూసినా ముందుగా వినబడేది, కనబడేది ట్రాకుల సంఖ్యే. అయితే మీరు అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: ఈ యంత్రం ఒకేసారి ఎన్ని ధ్వనులను విడివిడి ట్రాకుల మీదికి తీసుకోగలదు?

ఈ రెండు సంఖ్యల మధ్య ఎంత దూరం ఉండవచ్చునో గమనించండి. టాస్కామ్ డీపీ-008ఈఎక్స్‌లో 8 ట్రాకులు ఉన్నా ఒకేసారి రికార్డయ్యేవి 2 మాత్రమే. 2009లో వచ్చిన జూమ్ ఆర్16లో 16 ట్రాకులు ఉండగా, ఒకేసారి రికార్డయ్యేవి 8. జూమ్ హెచ్6కు నాలుగు మైకు ఇన్‌పుట్లు, పైన బిగించే స్టీరియో మైకు కలిపి 6 ట్రాకులు ఒకేసారి నిండుతాయి కాని, ట్రాకుకొక ఫేడర్ (ధ్వనిని పెంచి తగ్గించే జారుడు మీట) లేనందువల్ల మిక్సింగ్ పని చాలావరకు కంప్యూటర్‌లోనే చేసుకోవలసి వస్తుంది.

మీకు ఏది కావాలన్నది మీ సంగీతాన్ని బట్టి ఉంటుంది. లలితగీతమో, భజనో మీరొక్కరే పాడి, కీబోర్డు మీరే వాయించి, తబలా తెలిసిన మిత్రుడిని వచ్చే ఆదివారం పిలిపించి వాయింపజేసుకునేవారైతే రెండు ఇన్‌పుట్లు పుష్కలంగా సరిపోతాయి. ఎక్కువ ఇన్‌పుట్ల కోసం పెట్టే డబ్బును మంచి మైకు మీద పెట్టండి. కచేరీ పద్ధతిలో పాడేవారి సంగతి వేరు. నెరవల్‌లో, అంటే పాటలోని ఒక పాదాన్ని అప్పటికప్పుడు రకరకాలుగా విస్తరించి పాడేటప్పుడు, గాయని ఒక సంగతిని ఎక్కడ ముగించబోతున్నదో వయొలిన్ విద్వాంసుడికి ఆ క్షణం వరకు తెలియదు. ఆమె ఊపిరి తీసుకునే తీరును చూసి మృదంగ విద్వాంసుడు ముక్తాయింపు (ముగింపు వాయింపు) మొదలుపెడతాడు, అది విని ఆమె మరుసటి ఆవర్తాన్ని (తాళపు చుట్టును) మార్చుకుంటుంది. ముందే రికార్డయిన గాత్రం వింటూ వాయించే మృదంగం ఎంత చక్కగా ఉన్నా గాత్రానికి జవాబు చెప్పగలదే కాని, గాత్రం దానికి తిరిగి జవాబు చెప్పలేదు. అందుచేత ఇటువంటి సంగీతాన్ని ముగ్గురూ ఒకచోట కూర్చొని ఒకేసారి రికార్డు చేయాలని నా దృఢమైన అభిప్రాయం. గాత్రానికి ఒకటి, వయొలిన్‌కు ఒకటి, మృదంగానికి రెండు వైపులా రెండు – కనీసం నాలుగు ఇన్‌పుట్లు అవసరమవుతాయి. రెండే ఉన్న యంత్రంతో సరిపెట్టుకుంటే వయొలిన్, మృదంగం ఒకే ట్రాకులో కలిసిపోతాయి. తరువాత వయొలిన్ ఒక్కదాన్నే పెంచడానికి వీలుండదు.

ఓవర్‌డబ్ పద్ధతినే ఎంచుకున్నవారు శ్రుతి విషయంలో చాలా జాగ్రత్త వహించాలి. ఒకటి శ్రుతి అయినా, ఐదున్నర అయినా, ముందుగా శ్రుతిపెట్టెను నేరుగా తీగతో ఇన్‌పుట్‌కు కలిపి, పాట నిడివికి రెండు నిమిషాలు ఎక్కువగా మొదటి ట్రాకు నింపండి. ఆ తరువాత పెట్టెను ఆపివేసి, అందరూ ఆ ట్రాకునే హెడ్‌ఫోన్లలో వింటూ శ్రుతి చేసుకోవాలి. మర్నాడు పెట్టె మీట మళ్లీ తిప్పి వయొలిన్‌ను శ్రుతి చేస్తే, వెంట్రుకవాసి తేడా వచ్చినా పాట పొడుగునా అది చెవిని పొడుస్తూనే ఉంటుంది. పెట్టెను గదిలో మోగనిస్తే దాని నాదం ప్రతి మైకులోనూ పడి, ఏ ట్రాకు పెంచినా తానూ పెరుగుతుంది. మనలో చాలామంది ఒక చెవి మీది హెడ్‌ఫోన్‌ను పక్కకు జరుపుకొని పాడతారు. అలా పాడేవారు శ్రుతిని మూసి ఉన్న చెవి వైపుకే పూర్తిగా తిప్పుకుంటే జరిపిన వైపు నుండి అది మైకులోకి కారదు. ఈ ఒక్క పని చేయడానికైనా, వినే ధ్వనిని కుడి, ఎడమలకు తిప్పుకునే సౌకర్యం రికార్డర్‌లో ఉన్నదో లేదో చూసుకోండి.

ఇన్‌పుట్ల సంఖ్య తేలిన తరువాత వాటి రకం చూడాలి. కండెన్సర్ మైకుకు 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే మైకు తీగ గుండానే రికార్డర్ పంపే కరెంటు, కావాలి, కాని అన్ని ఇన్‌పుట్లకూ అది వస్తుందని అనుకోకండి. ఆర్16లోని ఎనిమిదింటిలో రెండింటికే వస్తుంది. వీణకు పీజో పికప్ (కంపనాన్ని పట్టే చిన్న బిళ్ల) అతికించి వాయించేవారికి ఇంపిడెన్స్ ఎక్కువగా ఉండే, అంటే గిటారు కోసమని గుర్తు పెట్టిన ఇన్‌పుట్ తప్పనిసరి. మామూలు ఇన్‌పుట్‌లో పెడితే మంద్రస్థాయి బరువంతా పోయి వీణ రేకు డబ్బాలా వినిపిస్తుంది, ఆ దోషం వాయిద్యానిదని పొరపడతాము.

కరెంటు విషయం నేను నష్టపోయి నేర్చుకున్నాను. గోడ ప్లగ్గు మీదనే నడిచే ఒక రికార్డర్‌తో మా ఇంట్లో ఒక పెద్దావిడ పాటలు రికార్డు చేస్తుండగా, నలభై నిమిషాలు గడిచాక కరెంటు పోయింది. ఆపు మీట నొక్కకముందే యంత్రం ఆరిపోవడంతో ఫైలు తెరుచుకోలేదు. ఆమె మళ్లీ పాడారు కాని, మొదటిసారి పాడిన తోడి రాగం మళ్లీ రాలేదు. అందుకే డబుల్ ఏ బ్యాటరీల మీద కూడా నడిచే యంత్రాన్నే నేను సిఫారసు చేస్తాను. ఫాంటమ్ పవర్ వేస్తే బ్యాటరీలు త్వరగా అయిపోతాయి కనుక అదనపు జత దగ్గర ఉంచుకొని, ప్రతి పాటకూ ఒకసారి ఆపి మళ్లీ మొదలుపెట్టండి.

రికార్డయినది దాచుకునే మెమరీ కార్డు గురించి బెంగ వద్దు. 24 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్‌లో ఒక మోనో ట్రాకు నిమిషానికి సుమారు 8 మెగాబైట్లు తీసుకుంటుంది. ఎనిమిది ట్రాకులు గంటసేపు నింపినా 4 గిగాబైట్లకు లోపే. 16 బిట్ల యంత్రమైనా ఇంటి గదికి చాలు. మృదంగానికి లెవెల్ (రికార్డయ్యే ధ్వని మోతాదు) పెట్టేటప్పుడు మాత్రం విద్వాంసుణ్ణి తనిలో, అంటే మృదంగం ఒంటరిగా వాయించే ఘట్టంలో, వాయించేంత గట్టిగా వాయించమని అడగండి. మెల్లగా వాయించినప్పుడు చూసుకున్న లెవెల్‌లో, ఉత్సాహం పెరిగాక ధ్వని పగిలిపోతుంది.

ట్రాకులు చాలకపోతే కొన్నింటిని కలిపి ఒకటి రెండు ట్రాకుల మీదికి దించే బౌన్స్ పద్ధతి ఉంది. 1979లో టాస్కామ్ సంస్థ మామూలు క్యాసెట్‌తో పనిచేసే నాలుగు ట్రాకుల పోర్టాస్టూడియో 144ను తెచ్చిన కాలంలో ఇలా కలిపిన ప్రతిసారీ టేపు బుసబుస పెరిగేది. డిజిటల్‌లో ఆ బాధ లేదు కాని, కలిపిన తరువాత పాత ట్రాకులను చెరిపివేస్తే విడదీయడం ఇప్పటికీ సాధ్యం కాదు.

పాతది కొనేవారు మీ హెడ్‌ఫోన్లు, మైకు, కార్డు వెంట తీసుకువెళ్లండి. ప్రతి ఇన్‌పుట్ మీద ఒక నిమిషం మాట్లాడి రికార్డు చేసి వినండి. ఫేడర్లను మెల్లగా కిందికీ పైకీ జరుపుతూ గరగర వస్తున్నదేమో గమనించండి. హెడ్‌ఫోన్ తీగను కొద్దిగా కదిలించి ఒక చెవిలో శబ్దం పోతున్నదేమో చూడండి.

అభ్యాసం: మీరు ముందుగా రికార్డు చేయదలచిన పాటను ఒకదాన్ని ఎంచుకొని, అందులో వినిపించవలసిన ప్రతి ధ్వనినీ కాగితం మీద వరుసగా రాయండి. ఒకరినొకరు చూసుకుంటూ పాడవలసిన, వాయించవలసిన వాటి కింద గీత గీయండి. ఒక్కొక్కదానికి ఎన్ని మైకులో పక్కన వేసి, గీత గీసినవాటిని మాత్రం కూడండి. ఆ సంఖ్యను రాసిన కాగితం చేత పట్టుకొని దుకాణానికి వెళ్లండి. వచ్చే పాఠంలో ఆ మైకులను గదిలో ఎక్కడ, ఎంత దూరంలో నిలపాలో చూద్దాము.