మంచు కింది ఆంఫిపాడ్‌ను విప్పి గుర్తించాలంటే తోక నుంచి మొదలుపెట్టండి

ఆర్కిటిక్ సముద్రంలో మంచు పలకల అడుగుభాగాన్ని పట్టుకుని బతికే ఆంఫిపాడ్‌లలో (రొయ్యలు, పీతల బంధువులైన చిన్న జీవులు) పెద్దది గామరస్ విల్కిట్స్కీ. 1897లో రష్యన్ జంతుశాస్త్రవేత్త బిరూలా వర్ణించిన ఈ జాతి 5 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. చేయి తిరగనివాళ్లు నేర్చుకోవడానికి ఇంత అనుకూలమైన జీవి మరొకటి దొరకదు. అవయవాలు పెద్దవి, ఏదీ కుదించుకుపోయి ఉండదు. చూడగానే రొయ్యపిల్ల అనిపిస్తుంది కానీ కాదు. రొయ్యకు తలనూ ఛాతీనీ కలిపి కప్పే పెంకు ఉంటుంది, కళ్లు కాడల మీద ఉంటాయి. ఆంఫిపాడ్‌కు ఆ పెంకు లేదు, కళ్లు తలకే అతుక్కుని ఉంటాయి, ఒళ్లు రెండు పక్కల నుంచీ నొక్కినట్టు సన్నగా ఉంటుంది.

నమూనా చెడకుండా

పట్టిన వెంటనే ఫోటో తీయండి. ఆల్కహాల్‌లో రంగు నిలవదు. డీఎన్ఏ పని ఉంటే 95 శాతం ఇథనాల్‌లో, ఆకృతి మాత్రమే చూడాలంటే 70 శాతంలో ఉంచాలి. నమూనాల పరిమాణానికి కనీసం 5 రెట్లు ద్రవం పోసి, మర్నాడు మార్చాలి. ఒంట్లోని నీరు కలిసి ఆల్కహాల్ పలచబడుతుంది, మార్చకపోతే లోపలి భాగాలు కుళ్లుతాయి. గాఢ ఇథనాల్‌లో కాళ్లు పెళుసెక్కి తాకగానే విరుగుతాయి కాబట్టి విప్పే ముందు 70 శాతానికి దించండి. చీటీ మీద పెన్సిల్‌తోనే రాసి సీసా లోపల వేయాలి, బాల్‌పెన్ సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. ఎక్కడ దొరికిందో తప్పక రాయండి. ఆర్కిటిక్‌లోని స్వాల్బార్డ్ దీవుల తీరంలో రాళ్ల కింద గామరస్ సెటోసస్, గామరస్ ఓషియానికస్ కూడా ఉంటాయి. మంచు అడుగునా, ఒడ్డునా అన్నది తెలియకపోతే తర్వాత తల పట్టుకోవాలి.

విప్పకముందు లెక్క

10 నుంచి 40 రెట్లు పెంచి చూపే స్టీరియో మైక్రోస్కోప్ కింద, పక్కకు పడుకోబెట్టి చూడండి. పొడవును తల ముందంచు నుంచి టెల్సన్ (తోక చివరి చిన్న పలక) కొస దాకా వీపు వంపు వెంబడి కొలవాలి. ముడుచుకున్న జీవిని సూటిగా కొలిస్తే పొడవు తక్కువ వస్తుంది.

తల వెనుక పెరియోన్ అనే భాగంలో 7 ఖండాలు, ఒక్కోదానికి ఒక జత కాళ్లు. మొదటి రెండు జతలు పట్టుకునే చేతులు, వాటినే గ్నాథోపాడ్‌లు అంటారు. 3, 4 జతలు ముందుకు, 5, 6, 7 జతలు వెనక్కు తిరిగి ఉంటాయి. ఆ తర్వాత ఈత కాళ్లున్న 3 ఖండాలు ప్లియోసోమ్, చివరి 3 ఖండాలు యూరోసోమ్. యూరోసోమ్‌కు 3 జతల యూరోపాడ్‌లు (తోక కాళ్లు), కొసన టెల్సన్ ఉంటాయి. ఛాతీలో మొదటి ఖండం తలలో కలిసిపోయి, దాని కాళ్లు నోటి దగ్గర మాక్సిల్లిపెడ్‌లుగా మారాయి. వాటిని మొదటి కాళ్లుగా లెక్కించారో, అక్కడి నుంచి ప్రతి అంకె ఒకటి తప్పుతుంది. కొత్తవాళ్ల పొరపాట్లలో ఎక్కువ భాగం ఇదే. 5వ కాలు ఎటు తిరిగిందో చూస్తే లెక్క సరిపోయిందో లేదో తెలుస్తుంది.

ఒక్కో కాలికి శరీరం నుంచి కొస దాకా 7 కీళ్ల భాగాలు: కోక్సా, బేసిస్, ఇస్కియం, మీరస్, కార్పస్, ప్రోపోడస్, డాక్టిలస్. కోక్సా పలకలా పక్కన కిందికి వేలాడుతుంది, దాని లోపలి వైపు మొప్పలు ఉంటాయి. ఆడదానికి 2 నుంచి 5 కాళ్ల దగ్గర గుడ్ల సంచిని చేసే పలకలు కూడా ఉంటాయి. మొప్ప మెత్తని తిత్తిలా ఉంటుంది, అంచున వెంట్రుకలు ఉండవు. ఎదిగిన ఆడదాని సంచి పలకలకు అంచు నిండా వెంట్రుకలు. మగదానికి 7వ ఖండం అడుగున రెండు చిన్న మొనలు కనిపిస్తాయి. లింగం ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే గ్నాథోపాడ్ వర్ణనలు చాలావరకు ఎదిగిన మగవాటివే. పిల్లజీవిని వాటితో పోల్చితే వేరే జాతి అనిపిస్తుంది.

తోక చెప్పేది

అందరూ తల నుంచి మొదలుపెడతారు. కానీ వర్గీకరణకు కావలసింది ఎక్కువగా వెనుక కొసన ఉంటుంది. పాత పుస్తకాల్లో గామరీడియా అనే పెద్ద ఉపక్రమం (ఆంఫిపాడ్‌ల క్రమంలో ఒక విభాగం) కనిపిస్తుంది, దాన్ని ఇప్పుడు వాడటం లేదు. 2013లో జంతుశాస్త్రవేత్తలు లోరీ, మయర్స్ సెంటికాడేటా అనే ఉపక్రమాన్ని ప్రతిపాదించారు. 1, 2 యూరోపాడ్‌ల కొమ్మల కొసన బలమైన ముళ్లు ఉండటం దాని గుర్తు, పేరుకు అర్థం కూడా ముళ్ల తోకే. 2017లో మిగతా గామరీడియాను ఆంఫిలోకిడియా తదితర ఉపక్రమాలుగా విడదీశారు. జన్యు విశ్లేషణలతో ఈ విభజన పూర్తిగా కుదరడం లేదు. అయినా బల్ల మీద పనికి ఇది చాలు. ముళ్లు రాలిపోయి ఉండొచ్చు, అందుకే రెండు పక్కలా చూడండి. రాలితే కుదురు గుంట మిగులుతుంది.

గామరస్‌కు టెల్సన్ మొదలుదాకా చీలి ఉంటుంది, యూరోసోమ్ వీపున ముళ్ల గుత్తులు, మొదటి మీసానికి చాలా కీళ్లున్న చిన్న పక్క కొరడా (పక్కకు చీలిన సన్నని కొమ్మ) ఉంటాయి. మంచు కిందే దొరికే అఫెరూసా గ్లేషియాలిస్ చాలా చిన్నది, దాని టెల్సన్‌కు చీలిక లేదు, పక్క కొరడా కూడా లేదు. ఓనిసిమస్ అనే మరో ఆంఫిపాడ్‌ను మొదటి మీసం పట్టిస్తుంది, దాని మొదలు పొట్టిగా, లావుగా ఉంటుంది. రెండో గ్నాథోపాడ్ సన్నగా, ఇస్కియం సాగి, కొసన చిన్న చేతితొడుగులా ఉంటుంది. ఓనిసిమస్ ఆంఫిలోకిడియాలోది. తలంతా కన్నే అనిపిస్తే అది థెమిస్టో, హైపెరీడియా ఉపక్రమం. దాని మాక్సిల్లిపెడ్‌లకు పాల్ప్ (కీళ్లున్న చిన్న కొమ్మ) ఉండదు. అది మంచును పట్టుకుని ఉండదు, నీళ్లలో ఈదుతూ వేటాడుతుంది.

విప్పడం

ఎడమ పక్క మాత్రమే విప్పండి, కుడి పక్క రుజువుగా మిగలాలి. రెండు సన్నని ఫోర్సెప్స్, కార్క్‌లో గుచ్చిన సన్నని సూది చాలు. ఆల్కహాల్ నుంచి నేరుగా గ్లిసరాల్‌లో వేస్తే కాళ్లు ముడుచుకుంటాయి. 70 శాతం ఇథనాల్‌లో కొంచెం గ్లిసరాల్ కలిపి మూతలేని గిన్నెలో ఉంచితే ఆల్కహాల్ మెల్లగా ఎగిరిపోయి గ్లిసరాల్ మిగులుతుంది.

కాలిని కోక్సాతో సహా తీయాలి. డాక్టిలస్ పట్టుకుని లాగితే మధ్యలో విరుగుతుంది. నోటి భాగాల్లో మాక్సిల్లిపెడ్ ముందు, తర్వాత రెండో మాక్సిల్లా (చిన్న దవడ), మొదటిది, కింది పెదవి, మాండిబుల్స్ (గట్టి దవడలు), చివర పై పెదవి. మాండిబుల్‌ను పాల్ప్ దగ్గర పట్టుకోకండి, మొదట తెగేది అదే. కుడి, ఎడమ మాండిబుల్స్ ఒకేలా ఉండవు కాబట్టి నోటి భాగాలను మాత్రం రెండు పక్కలా తీసి, ఏది ఏ పక్కదో రాయాలి. స్లైడ్ మీద గ్లిసరాల్ చుక్కలో పరిచి, కవర్‌స్లిప్ మూలల కింద పగిలిన కవర్‌స్లిప్ ముక్కలు పెట్టండి. లేకపోతే గ్నాథోపాడ్ నలిగి, ప్రోపోడస్ అంచు వంపు మారిపోతుంది, ఆ వంపే జాతి గుర్తు. టెల్సన్‌ను మూడో యూరోపాడ్‌ల నుంచి విడదీసి, పై వైపు పైకి ఉండేలా పెట్టాలి. మూడో యూరోపాడ్ చాలా నమూనాల్లో ముందే ఊడిపోయి ఉంటుంది, సీసా అడుగున ఒకసారి వెతకండి.