పిల్లి తోక కింద బియ్యపు గింజలు కనిపిస్తే

పిల్లి మలద్వారం దగ్గర బొచ్చుకో, అది పడుకునే గుడ్డకో బియ్యపు గింజల్లాంటివి అంటుకుని మెల్లగా కదులుతుంటే అవి బద్దెపురుగు ముక్కలు. ఎండితే పసుపు రంగు నువ్వుల్లా ఉంటాయి. మల పరీక్షలో ఈ పురుగు గుడ్లు తరచూ దొరకవు కాబట్టి ఆ ముక్కనే చిన్న కవర్లో వేసి డాక్టరుకు చూపించండి.

దీనికి మందు ప్రాజిక్వాంటెల్. నోటి ద్వారా కిలోకు సుమారు 5 మి.గ్రా., అంటే 4 కిలోల పిల్లికి 20 మి.గ్రా. కాబట్టి ముందు తూకం వేయించాలి. ఇంట్లో ఉన్న ఆల్బెండజోల్ వేసేయకండి, పిల్లుల్లో అది ఎముక మజ్జను దెబ్బతీయగలదు. మాత్ర చేదు, నురగ కక్కుతుంది; కంగారు పడొద్దు. మింగాక సిరంజితో 5 మి.లీ. నీళ్లు పట్టిస్తే మాత్ర గొంతులో ఇరుక్కోదు. పురుగు పేగులోనే కరిగిపోతుంది, బయట పడలేదని రెండో డోసు వేయక్కర్లేదు.

మూడు వారాల్లో మళ్లీ గింజలు కనిపిస్తే తప్పు మాత్రది కాదు, ఫ్లీలది. బొచ్చులో గెంతే ఆ పురుగుల్ని నాకి మింగితే ఇది అంటుతుంది. ఇంట్లోని పిల్లులన్నిటికీ నెలనెలా కనీసం మూడు నెలలు ఫ్లీ మందు వేయండి. కుక్కల పెర్మెత్రిన్ మందు మాత్రం వద్దు, పిల్లికి ప్రాణాంతకం.