పార్కు గేటు దగ్గరే పిల్లలకు ఒక ఫొటో

థీమ్ పార్కులో సెక్యూరిటీ డ్యూటీ చేస్తుంటాను. పిల్లాడు తప్పిపోయాడని పరుగెత్తుకొచ్చే తల్లిదండ్రుల్ని మేం మొదట అడిగేది, "ఏం బట్టలు వేసుకున్నాడు?" అని. ఆ టెన్షన్‌లో చాలామందికి గుర్తు రాదు. ఒకాయన నీలం చొక్కా అంటే, పక్కనే ఆయన భార్య కాదు ఆకుపచ్చ అంది. ఇంకో తల్లి మాత్రం ఏడుస్తూనే ఫోన్ తీసి, పొద్దున గేటు దగ్గర తీసిన ఫొటో చూపించింది. దాన్ని వెంటనే మా వాళ్లందరికీ పంపాం. బాబు ఐస్‌క్రీమ్ బండి దగ్గర దొరికాడు.

అందుకే లోపలికి రాగానే పిల్లల్ని నిలబెట్టి, తల నుంచి చెప్పుల దాకా కనిపించేలా ఒక ఫొటో తీయండి. టోపీ, జాకెట్ మధ్యలో తీసేస్తారు, చెప్పులు అంత తొందరగా మారవు. తర్వాత ముంజేతి లోపలివైపు బాల్‌పెన్‌తో మీ ఫోన్ నంబర్ రాయండి. పేరు మాత్రం పైకి కనిపించేలా రాయొద్దు. పేరు పెట్టి పిలిస్తే పిల్లలు కొత్తవాళ్లనైనా నమ్మేస్తారు.

నీళ్ల రైడ్ల దగ్గర ఇది పనిచేయదు. ఇంకు చెరిగిపోతుంది, బట్టలు మారతాయి, మీ ఫోనేమో లాకర్‌లో ఉంటుంది. ఒళ్లు తుడిచాక మళ్లీ ఫొటో తీసి, రైడ్ ఎక్కకుండా బయట కూర్చునేవాళ్ల నంబర్ రాయండి.