జాయింట్ కుంగింది, గేజ్ పెరిగింది, ఎండకి పట్టా వంగింది: చిన్న రైలు ట్రాక్ సమస్య - పరిష్కారం

ఆదివారం ఆదివారం మనం చూసుకునే 610 మిల్లీమీటర్ల గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం) ఉన్న పాత రైలు లైనుకి కొత్తగా వచ్చే పిల్లలు అడిగేవన్నీ ఒకచోట రాస్తున్నా. చాలావరకు బిట్రగుంటలో రిటైరైన గ్యాంగ్‌మన్ పెద్దాయనలు మన చేతికి బీటర్ (కంకర దట్టించే పనిముట్టు) ఇచ్చి పక్కన నిలబడి నేర్పిందే. ముందే ఒక మాట, ఇదంతా మన సొంత లైను మీదే, మెయిన్ లైను పట్టాల జోలికి ఎవరూ పోవద్దు. పని మొదలెట్టే ముందు రెండువైపులా ఎర్రజెండా పాతాల, ఇంజన్ తాళం చెవి మన దగ్గరే పెట్టుకోవాల.

జాయింట్ దగ్గర ఇంజన్ ధడేల్‌మని దిగుతా ఉంది

మనకి వచ్చే కంప్లైంట్లలో ఎక్కువ ఇదే, అందరూ చేసే పని ఫిష్‌ప్లేట్ (రెండు పట్టాల చివర్లని కలిపే ఇనప పలక) బోల్టులు టైట్ చేసి వెళ్ళిపోవడం, రెండు వారాలకి మళ్ళీ అదే శబ్దం. బోల్టులు చూడండి, వద్దనను, కానీ అసలు జబ్బు కింద ఉంటది. మోకాళ్ళ మీద కూర్చుని పట్టా పైఅంచు వెంబడి ఒక కన్నుతో చూస్తే జాయింట్ దగ్గర పల్లం తెలిసిపోద్ది. తర్వాత స్లీపర్ (పట్టాల కింద అడ్డంగా ఉండే చెక్క దిమ్మ) చివర గడ్డపారతో తట్టండి, గట్టిగా కూర్చున్నదైతే మొద్దు శబ్దం, కింద ఖాళీ ఉంటే డొల్ల శబ్దం. చుట్టూ కంకర మీద బూడిదరంగు బురద ఎండి అట్టకట్టి ఉంటే ఇంక డౌటే లేదు, కింద నల్లరేగడిలో నీళ్ళు నిలిచాయి, చక్రం వచ్చినప్పుడల్లా స్లీపర్ దిగి ఆ మట్టి దోసెపిండి మాదిరి పైకి ఉబికి కంకర సందులన్నీ మూసేస్తా ఉంది, దాంతో నీళ్ళు పోయే దారి ఇంకా మూసుకుపోద్ది.

అందుకే ముందు నీళ్ళకి దారి చెయ్యాల. జాయింట్‌కి రెండువైపులా ఉన్న స్లీపర్ల మధ్య బురద కంకర మొత్తం తవ్వి తీసేసి, అక్కణ్ణించి పక్క కాలవలోకి వాలుగా అడ్డంగా తవ్వండి. కొత్త కంకర క్రషర్ నుంచి వచ్చిన కోసు అంచులదే కావాల, పెన్నాలో గుండ్రంగా దొరికే గులకరాళ్ళు చౌక అని పోస్తే అవి ఒకదాన్నొకటి పట్టుకోవు, జారిపోతాయి. జాకీతో పట్టా కొద్దిగా లేపి, ఒకవైపు కంటితో, రెండోవైపు మట్టం పెట్టి సరిచేసి, అప్పుడు బీటర్. ఇద్దరు ఎదురెదురు మూలల నుంచి, పట్టా కూర్చునే చోటు కిందనే కొట్టాల, స్లీపర్ నడుం కింద గట్టిగా కొడితే అది నడుం మీద ఊగి చివరికి అక్కడే విరుగుద్ది. రైలు నాలుగు ట్రిప్పులు తిరిగాక మళ్ళీ మట్టం పెట్టండి, కొత్తగా దట్టించిన కంకర (ప్యాకింగ్) కొంచెం దిగడం మామూలే.

గేజ్ రాడ్డు వదులుగా ఆడుతోంది

గేజ్ రాడ్డు అంటే పట్టాల మధ్య దూరం కొలిచే కడ్డీ. ఆ దూరం పెరిగిందంటే స్పైకు (పట్టాని స్లీపర్‌కి బిగించే పెద్ద మేకు) పట్టు వదిలింది. స్లీపర్ పైకి బాగానే కనిపిస్తది, స్క్రూడ్రైవర్‌తో స్పైకు పక్కన పొడిస్తే సర్రున దిగిపోద్ది, లోపల చెద తినేసి ఉంటది. అదే బొక్కలో స్పైకుని మళ్ళీ దిగ్గొట్టడం దండగ. చెక్క బాగుంటే గట్టి కర్ర మేకు కొట్టి పూడ్చి, పక్కన కొత్త బొక్క వెయ్యండి. పుచ్చితే మార్చాల్సిందే, అయితే పక్కపక్కన రెండు ఒకేసారి తియ్యొద్దు, ఒకటి పెట్టి ప్యాక్ చేశాకే రెండోది. కొత్త స్లీపర్ వచ్చేదాకా టై బార్ (రెండు పట్టాలు దూరం జరక్కుండా పట్టే కడ్డీ) బిగించి, స్పీడు తగ్గించమని డ్రైవర్‌కి చెప్పండి.

మధ్యాహ్నం పట్టా పాము మాదిరి పక్కకి వంగింది

మే నెలలో మన నెల్లూరు ఎండకి ఇది ఊరికే రాదు. పది మీటర్ల పట్టా 35 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 4 మిల్లీమీటర్లు సాగుద్ది, జాయింట్‌లో ఆ ఖాళీ లేకపోయినా, ఉండి కూడా ఫిష్‌ప్లేట్ తుప్పు పట్టి కదలకపోయినా, అది పక్కకి పోవాల్సిందే. స్లీపర్ల చివర కంకర లేకపోతే ఇంకా సులువుగా పోద్ది. ఆ వేడిలో గడ్డపారలేసి లాగొద్దు, కంకర తవ్వొద్దు, రైలు ఆపేసి ఊరుకోండి. తెల్లారి చల్లపడ్డాక ఫిష్‌ప్లేట్లు విప్పి, తుప్పు గీకి, గ్రాఫైట్ గ్రీజు రాసి, ఖాళీలు సర్ది, చివర్లకి కంకర పొయ్యండి. రైల్వేలో ఈ గ్రీజు పని అక్టోబర్ నుంచి ఫిబ్రవరి లోపల చేస్తారు. మనకి అక్టోబర్, నవంబర్‌లలో వానలు, తుపాన్లు కాబట్టి జనవరిలో పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం.

గడ్డి, చిల్లచెట్లు

చిల్లచెట్టు పైన నరికితే రెట్టింపు లేస్తది, వేరు తవ్వాల. కానీ గడ్డి మొత్తం ఒక్కరోజులో పీకెయ్యాలని తొందరపడొద్దు. వేల్స్‌లో టాలిలిన్ రైల్వేని 1951లో వాలంటీర్లు చేతిలోకి తీసుకున్నప్పుడు స్లీపర్లు పుచ్చిపోయి చాలాచోట్ల పట్టాల్ని గడ్డే పట్టుకుని ఉండింది. మన పాత లైనులో కూడా ముందు గేజ్ కొలవండి, స్పైకులు చూడండి, తర్వాత కొంచెం కొంచెంగా తియ్యండి.

పాయింట్ పూర్తిగా మూసుకోవట్లేదు

పాయింట్ అంటే రైలు ఒక లైను నుంచి ఇంకో లైనుకి మారే చోటు, అక్కడ కదిలే సన్నటి పట్టానే నాలుక అంటాం. అది మూసుకోకపోతే తొంభై శాతం మధ్యలో రాయి, లేదంటే గాలికి కొట్టుకొచ్చిన ఇసక. కర్రతో తియ్యండి, వేళ్ళు మాత్రం పెట్టొద్దు. జారే ప్లేట్లు తుడిచి పల్చగా ఆయిల్ రాయండి, మందంగా గ్రీజు పూస్తే ఇసకంతా దానికే అంటుకుంటది. అయినా మూసుకోకపోతే లివర్‌ని బలంగా గుంజకుండా రాడ్డు వంగిందేమో చూడండి, నాలుక పక్క పట్టాకి ఆనకుండా సందు కనిపిస్తున్నంతసేపు దాని మీదకి రైలు రానివ్వొద్దు.