ఇన్‌టేక్ సోలినాయిడ్ వాల్వ్ కాయిల్ రెసిస్టెన్స్ ఎలా చెక్ చేయాలి?

ఇంజన్ ఐడిల్‌లో ఊగుతోందనగానే పర్జ్ వాల్వో (ట్యాంకులోని పెట్రోల్ ఆవిరిని ఇంజన్‌లోకి వదిలేది), మానిఫోల్డ్ సోలినాయిడో (గాలి గొట్టం మీద కరెంటు కాయిల్‌తో పనిచేసే వాల్వ్) మార్చేస్తున్నారు. మీటర్ పెట్టి చూసేవాళ్లు తక్కువ, సరిగ్గా చూసేవాళ్లు ఇంకా తక్కువ. డిజిటల్ మల్టీమీటర్, ఆ బండి సర్వీస్ మాన్యువల్ ఉంటే చాలు.

ఇగ్నిషన్ ఆఫ్ చేసి కనెక్టర్ ఊడదీయండి. వైరు పట్టుకుని లాగొద్దు. కొలవాల్సింది వాల్వ్ మీదున్న రెండు పిన్నుల మధ్య. కనెక్టర్ రంధ్రాల్లో ప్రోబ్ గుచ్చితే లోపలి టెర్మినల్ వదులై కొత్త కంప్లయింట్ మొదలవుతుంది. మీటర్‌ను 200 ఓమ్స్ రేంజ్‌లో పెట్టండి. ఆటో రేంజ్ మీటరైనా ఫర్వాలేదు. ముందు ప్రోబ్‌లు రెండూ కలిపి చూసి, వచ్చిన అంకెను చివర్లో తీసేయండి.

అసలు తప్పు జరిగేది వేడి దగ్గర. మాన్యువల్‌లో ఇచ్చే విలువ సాధారణంగా 20 డిగ్రీల దగ్గరిది. రాగి తీగ రెసిస్టెన్స్ డిగ్రీకి దాదాపు 0.4 శాతం పెరుగుతుంది. అంటే చల్లగా 30 ఓమ్స్ ఉన్న కాయిల్, 100 డిగ్రీల వేడిలో 39 దాకా చూపిస్తుంది. లిమిట్ 36 అని ఉంటే బాగున్న వాల్వ్ చెత్తబుట్టలో పడుతుంది. దీనికి తిరగేసిన కేసు ఇంకా ప్రమాదం: లోపల కొన్ని చుట్లు షార్టయిన కాయిల్ చల్లగా 23 చూపించాల్సింది, వేడిలో 30 చూపించి పాసైపోతుంది. అందుకే రాత్రంతా ఆపిన బండి మీద, పొద్దున్న స్టార్ట్ చేయకముందే కొలవండి. సమస్య వేడెక్కాకే వస్తుంటే మాత్రం వేడిలో ఇంకోసారి చూడాలి. చల్లగా బాగుండి, వేడికి తీగ విడిపోయే కాయిల్స్ ఉంటాయి.

ఓఎల్ (రీడింగ్ మీటర్ రేంజ్ దాటిపోయిందని) వస్తే తీగ తెగినట్టే. సున్నా దగ్గరికొస్తే షార్ట్. దాన్ని మళ్లీ బిగిస్తే ఈసీయూలో (ఇంజన్ కంప్యూటర్‌లో) ఆ వాల్వ్‌ను నడిపే డ్రైవర్ సర్క్యూట్ కూడా పోవచ్చు. వాల్వ్‌కు లోహపు బాడీ ఉంటే, పెద్ద రేంజ్‌కు మార్చి పిన్నుకూ బాడీకీ మధ్య కూడా చూడండి. ఓఎల్ రావాలి. ఇక్కడ వేళ్లు ప్రోబ్ మొనలకు తగలనివ్వద్దు.

బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులిచ్చి 'టిక్' మందా లేదా అని చూసేవాళ్లున్నారు. కొద్దిగా షార్టయిన కాయిల్ కూడా టిక్‌మంటుంది. లోపల డయోడ్ ఉన్నవాటికి ప్లస్, మైనస్ తిరగేస్తే డయోడ్ కాలుతుంది. నాలుగు, ఆరు పిన్నుల ఐడిల్ స్టెప్పర్లకైతే (ఐడిల్ గాలిని మెట్లు మెట్లుగా సర్దే చిన్న మోటార్లు) ఆ పద్ధతి అసలు వద్దు; మాన్యువల్ చెప్పిన జతల మధ్య ఓమ్స్ కొలవండి, జతలన్నీ దగ్గరదగ్గరగా రావాలి.

అన్నీ సరిగ్గానే వచ్చినా ఐడిల్ ఊగుతుంటే వాల్వ్ విప్పి కార్బన్ చూడండి. కాయిల్ బాగున్నా ప్లంజర్ (లోపల కదిలే కడ్డీ) ఇరుక్కుని ఉండొచ్చు, అది మీటర్‌కు తెలియదు.